కాలం కలిసిరావాలంటే

దంపతుల ఉమ్మడి ఆస్తి అనగానే ఇల్లు, పొలం, బంగారం, బ్యాంకులోని నిల్వ లెక్కకు వస్తాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాలలో వీటన్నిటికంటె అరుదైనదీ, కొందామన్నా దొరకనిదీ, ఏ పత్రంలోనూ నమోదు కానిదీ మరొకటి ఉంది. ఇద్దరూ ఒకేచోట, మెలకువతో, ఏ పనికీ బాకీ లేకుండా గడపగలిగిన వ్యవధే అది. దానిని ఉమ్మడి సమయం అనవచ్చు. తీరిక వేరు, ఉమ్మడి సమయం వేరు. తీరిక ఎవరికి వారికి విడిగా దొరకవచ్చు; భర్తకు ఉదయం రెండు గంటలు, భార్యకు రాత్రి రెండు గంటలు ఖాళీ ఉన్న ఇంట్లో మొత్తం తీరిక నాలుగు గంటలైనా ఉమ్మడి సమయం శూన్యం. క్షణం తీరడం లేదని చెప్పుకునే జంటలలో చాలామందికి కొరవడినవి గంటలు కావనీ, ఒకరి గంటలు మరొకరి గంటలతో కలవడమేననీ, ఇంటిపనులూ మరమ్మతులూ ప్రయాణాల ఏర్పాట్లూ ఆ కాస్త కలయికనే ముందుగా మింగేస్తున్నాయనీ గుర్తించినప్పుడే వారి దైనందిన జీవితం సరిగ్గా అర్థమవుతుంది.

ఈ కొరత పాతకాలపు కుటుంబానికి ఈ రూపంలో తెలియదు. చేతివృత్తుల మీద బతికిన ఇళ్ళలో పనిచోటూ నివాసమూ ఒకటే. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి నేతగ్రామాలలో మగ్గం గుంట ఇంట్లోనే ఉంటుంది. భర్త మగ్గం మీద కూర్చుంటే భార్య కండెలు చుడుతుంది, ఆసు పోస్తుంది. ఆసు పోయడమంటే, చిటికి కట్టి రంగులద్దడానికి ముందు పేకనూలును అర్ధచంద్రాకారంలో మేకులు గుచ్చిన చట్రం మీద వేలసార్లు చేయి ఆడిస్తూ పరచడం. ఆ శ్రమలో భార్య వాటాకు విడిగా కూలి లేదు, పేరూ లేదు. కాబట్టి ఆ ఇళ్ళను ఆదర్శాలుగా ఊహించుకోవలసిన పనిలేదు. అయితే ఆలుమగలిద్దరి దినచర్య ఒకే పనిని ఆనుకుని సాగేది, మాటామంతీ పనిలో భాగంగానే జరిగిపోయేది. కచేరీలు, బడులు, రైల్వేలు, కర్మాగారాలు వచ్చి మగవాడిని నియమిత వేళలకు బయటికి పిలిచినప్పుడు ఇంటి గడియారం ఒకటే మిగిలినా, అది ఆయన రాకపోకలను అనుసరించి నడిచింది. స్త్రీలు కూడా ఉద్యోగాలలో చేరడంతో ఒక ఇంటికి బయటి గడియారాలు రెండయ్యాయి. ఆ రెంటినీ సరిచూసే బాధ్యతను ఏ యజమానీ తీసుకోలేదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కార్యాలయాల భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. ఆ తరువాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్ళలో ఈ గడియారాల వైరుధ్యం మరింత విచిత్రమైన రూపం తీసుకున్నది. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు. పగటి వెలుతురును సద్వినియోగం చేసుకోవడానికి అక్కడ ఏర్పడిన పద్ధతి ఇది. దీని ఫలితంగా న్యూయార్కులో ఉదయం పది గంటలకు మొదలయ్యే సమావేశం హైదరాబాదులో వేసవికాలమంతా రాత్రి ఏడున్నరకూ, చలికాలమంతా ఎనిమిదిన్నరకూ వస్తుంది. అంటే కూకట్‌పల్లిలోని ఒక ఇంట్లో పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు వాషింగ్టన్‌లో చేసిన చట్టం వల్ల ఏటా రెండుసార్లు మారిపోతుంది. భార్య పనిచేసే సంస్థకు క్లయింటు లండన్‌లోనూ, భర్త సంస్థకు కాలిఫోర్నియాలోనూ ఉన్నప్పుడు ఆ ఇంట్లో సాయంకాలం అనేది ఇద్దరికీ ఒకేసారి రాదు.

గడియారాల గొడవ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకే పరిమితమైనది కాదు. మూడు షిఫ్టులలో తిరిగే నర్సుకూ, తెల్లవారుజాము బస్సు ఎక్కే కండక్టరుకూ, ఆర్థిక సంవత్సరం ముగింపులో రాత్రి దాకా బ్యాంకులో కూర్చునే గుమాస్తాకూ ఇది అనుభవంలో ఉన్నదే. ప్రభుత్వోద్యోగులకు కాలంతోపాటు దూరం కూడా అడ్డువస్తుంది. వీలైనంతవరకు భార్యాభర్తలను ఒకేచోట నియమించాలని కేంద్ర ప్రభుత్వం 2009లో విస్పష్టమైన ఉత్తర్వులిచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయ బదిలీలలో కూడా భాగస్వామి పనిచేసే చోటును పరిగణించి అదనపు పాయింట్లు ఇచ్చే స్పౌజ్ కేటగిరీ ఉంది. అయినా 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 317వ నంబరు ఉత్తర్వు ద్వారా ఉద్యోగులను కొత్త జిల్లాలకూ జోన్లకూ కేటాయించినప్పుడు అనేక ఉపాధ్యాయ దంపతులు వేర్వేరు జిల్లాలలో పడి, ఒకే జిల్లాకు మార్చమని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నారు. వారి కోరికలో జీతం ప్రసక్తి లేదు, హోదా ప్రసక్తి లేదు. సాయంత్రం ఇద్దరూ ఒకే ఇంటికి చేరాలన్నది మాత్రమే ఉంది. ఉమ్మడి సమయానికి విలువ ఉందని ప్రభుత్వ నియమావళి సైతం ఒప్పుకున్నదనడానికి స్పౌజ్ కేటగిరీయే సాక్ష్యం.

ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన ఉమ్మడి సమయం పుట్టుకురాదని 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ మొదలైన తరువాతి నెలలు నిరూపించాయి. ఇంటినుంచే పని మొదలైనప్పుడు ప్రయాణపు గంటలు మిగిలాయి, నిజమే; కానీ పడకగదిలో ఒకరు, భోజనాల బల్ల దగ్గర మరొకరు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వేర్వేరు సమావేశాలలో కూర్చున్న ఇంట్లో సైగలే సంభాషణ అయ్యాయి. ఆఫీసుకు పోయిరావడంలో పనికి ఒక మొదలూ ఒక తుదీ ఉండేవి. ఆ రెండు గట్లూ తెగిపోయాక, మిగిలిన గంటలను కూడా పనే ఆక్రమించుకున్నది.

బయటి పని అలా ఉండగా, లోపలి పని పంపకం ఎలా ఉన్నదో తెలియడానికి ఒక ప్రామాణికమైన ఆధారం ఉంది. దేశంలోని జనం రోజులోని ఇరవై నాలుగు గంటలను ఏ పనికి ఎంత వెచ్చిస్తున్నారో ఎంపికచేసిన ఇళ్ళకు వెళ్ళి నమోదు చేసే అధ్యయనాన్ని కాలవినియోగ సర్వే అంటారు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సర్వే ప్రకారం, ఏదైనా ఒక రోజున జీతం లేని ఇంటిపనిలో పాలుపంచుకున్నవారు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. పాల్గొన్నవారి సగటు స్త్రీకి రోజుకు 299 నిమిషాలు, పురుషునికి 97 నిమిషాలు. 2024 నాటి సర్వేలో ఈ అంకెలు వరుసగా 289, 88 అయ్యాయి. ఐదేళ్ళలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపే పురుషుల వాటా కూడా తొమ్మిది నిమిషాలు తగ్గిందని గమనించక తప్పదు; తగ్గిన భారాన్ని భర్తలు ఎత్తుకున్నారని చెప్పడానికి ఈ అంకెలలో ఆధారం లేదు. ఉద్యోగం చేసి వచ్చిన స్త్రీ ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టే ఈ పనికి అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1989లో రెండవ షిఫ్టు అని పేరు పెట్టారు.

రెండవ షిఫ్టులో చేతులకు పట్టే సమయాన్ని కొలవవచ్చు, బుర్రకు పట్టే సమయం మాత్రం కొలతకు లొంగదు. అలిసన్ డామింగర్ అనే పరిశోధకురాలు 35 జంటలను విడివిడిగా ప్రశ్నించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటిని నడిపే ఆలోచనను నాలుగు దశలుగా విభజించారు: రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి మార్గాలు వెతకడం, వాటిలో ఒకదానిని నిర్ణయించడం, నిర్ణయించినది జరిగిందో లేదో కనిపెట్టి ఉండడం. వీటిలో నిర్ణయం దగ్గరికి వచ్చేసరికి దంపతులు చాలావరకు కలిసి కూర్చుంటారనీ, మొదటిదైన పసిగట్టడమూ చివరిదైన కనిపెట్టి ఉండడమూ ఎక్కువగా స్త్రీల మీదే పడతాయనీ ఆమె గమనించారు.

ఈ విభజన తెలుగింటికి అచ్చంగా సరిపోతుంది. రేపు ఉదయం దోసెలు కావాలంటే ఈ రోజు మధ్యాహ్నానికే మినప్పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పిండి పులియాలి. దోసె పోయడానికి పట్టేది రెండు నిమిషాలే అయినా దాని గురించిన ఎరుక ఇరవై గంటల ముందే ఒకరి తలలో మొదలై ఉంటుంది. గ్యాస్ బండ ఎన్నాళ్ళయింది, పనిమనిషి ఎప్పుడు ఊరెళ్తానన్నది, అత్తగారి బీపీ మాత్రలు ఎన్నటి దాకా వస్తాయి, బడిలో ఫీజు గడువు ఏ తేదీ, పెళ్ళిపిలుపు వచ్చిన ఇంటికి ఏం చదివించాలి అన్నవన్నీ ఇలాంటివే. ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను అనే భర్త మంచివాడే కావచ్చు, కానీ చెప్పవలసిన బాధ్యతను భార్యకే వదిలిపెట్టి, నాలుగు దశలలో ఏ ఒక్కదానినీ మోయకుండా, ఐదవదైన అమలును మాత్రమే స్వీకరిస్తున్నాడు. సాయం చేయడానికీ పూచీ తీసుకోవడానికీ ఉన్న తేడా ఇదే. పూచీ అంతా ఒకరిదే అయినప్పుడు, కలిసి కూర్చున్న ఆ కొద్దిసేపూ కూడా ఒకరు పురమాయించడానికీ మరొకరు వివరణ ఇచ్చుకోవడానికీ సరిపోయి, ఉమ్మడి సమయం సమీక్షా సమావేశంగా మారిపోతుంది.

నిత్యమూ ఉండే ఈ పనులకు తోడు అప్పుడప్పుడూ వచ్చిపడే గృహకార్యాలు ఉన్నాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత డబ్బు ఖర్చును గురించి పుట్టిందని సాధారణంగా అనుకుంటారు. ఉద్యోగ దంపతుల విషయంలో అది కాలపు ఖర్చుకు మరింత బాగా వర్తిస్తుంది. అపార్టుమెంటు తాళాలు చేతికి వచ్చాక లోపలి పనులకు ఒక తప్పించలేని వరుస ఉంటుంది. గోడలు చెక్కి కరెంటు పైపులు దించాలి, నీళ్ళ పైపులు మార్చాలి, చెక్కినచోట సిమెంటు పూసి వారం రోజులు తడపాలి, టైల్స్ వేయాలి, ఫాల్స్ సీలింగు కట్టాలి, వడ్రంగి పని పూర్తి కావాలి, ఆ దుమ్మంతా దిగిన తరువాతే చివరి కోటు రంగు పడాలి. తడపడమంటే సిమెంటు గట్టిపడే రసాయనచర్యకు కావలసిన తేమను నిలపడం. ఎవరెంత తొందరపడినా ఆ చర్య తొందరపడదు. కాంక్రీటు బలాన్ని ఇరవై ఎనిమిదవ రోజున పరీక్షించడం పరిపాటి కావడానికీ కారణం ఇదే. వానాకాలంలో పుట్టీ ఆరదు. డాబా మీది పగుళ్ళను జూన్‌లో వానలు దిగకముందే పూడ్చకపోతే ఏడాదంతా ఉరుపు తప్పదు.

పదార్థాల వేళలు ఇలా ఉంటే మనుషుల వేళలు మరొకలా ఉంటాయి. హైదరాబాదులో వడ్రంగి పనికీ రంగుల పనికీ వచ్చేవారిలో చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ల వాళ్ళు. హోలీకో, దీపావళికో, ఛఠ్‌కో వాళ్ళు ఊళ్ళకు వెళితే పని నిలిచిపోతుంది. సంక్రాంతికి తాపీ మేస్త్రీ తూర్పుగోదావరికో శ్రీకాకుళానికో బయలుదేరుతాడు. ఎవరి పండగ వారికి న్యాయమే. కానీ ప్లంబరు రాకుంటే టైల్స్ మేస్త్రీ ఖాళీగా కూర్చుంటాడనీ, టైల్స్ పడకుంటే వడ్రంగి కొలతలు తీసుకోలేడనీ తెలియని దంపతులు, రెండు నెలలలో అయిపోతుందన్న గుత్తేదారు మాటను నమ్మి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకుంటారు. ఒక పని ఎంత కాలంలో ముగుస్తుందో అంచనా వేసేటప్పుడు, అలాంటి పనులు గతంలో ఎంత ఆలస్యమయ్యాయో తెలిసి కూడా, ఈసారి అంతా సవ్యంగా జరుగుతుందని మనసు నమ్మడాన్ని ప్రణాళికా భ్రమ అనవచ్చు. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీనిని ప్రతిపాదించారు. 1994లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజులలో ముగిస్తామని చెప్పి 55.5 రోజులు తీసుకున్నారు. ఒంటరిగా రాసే వ్యాసానికే అంత తేడా వచ్చినప్పుడు, ఐదారు చేతులు మారే ఇంటిపని రెండు నెలలలో ముగియకపోవడంలో వింత లేదు.

వింత అనదగినది మరొకటి ఉంది. ఇంటిపని ఆలస్యమైనందుకు దంపతులు చెల్లించేది అదనపు అద్దె మాత్రమే కాదు, ఆదివారాలు. వారంలో ఇద్దరికీ కలిసి వచ్చే ఒకే ఒక్క రోజు ప్లైవుడ్ దుకాణాలలోనూ, గ్రానైట్ యార్డుల చుట్టూ తిరగడంలోనూ, పని చూడడానికి కొత్తింటికి పోయిరావడంలోనూ కరిగిపోతుంది. వంటగది అరలకు మ్యాట్ లామినేటు వేయాలా, గ్లాసీ వేయాలా అన్న చర్చ రాత్రి భోజనం దగ్గర కూడా ముగియదు. కలిసి బతకడానికి కడుతున్న ఇల్లు, కట్టినంతకాలమూ, కలిసి ఉండే వేళను హరిస్తుంది. అయితే ఇక్కడ ఒక న్యాయం చేయాలి. ఇద్దరూ కలిసి ఇష్టపడి చేసే గృహకార్యం, బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకోవడం వంటిదైనా సరే, ఉమ్మడి సమయాన్ని పెంచుతుంది. మేస్త్రీలకు ఫోన్లు చేయడంతోనే సరిపోయే గృహకార్యం దానిని తగ్గిస్తుంది. పని పరిమాణాన్ని బట్టి కాక, అందులో ఇద్దరి చేతులకూ మనసులకూ ఉన్న చోటును బట్టి దానిని తూచాలి. పూర్తయ్యాక తేలే లోపాల కోసమూ ఆదివారాలను ధారపోయనవసరం లేదు: 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన ముప్ఫై రోజులలో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలని 14వ సెక్షనులో చెప్పింది. ఈ హక్కు తెలియని దంపతులు తామే మేస్త్రీలను వెతుక్కుంటారు.

ఇంట్లో దొరకని ఉమ్మడి సమయాన్ని బయట కొనుక్కునే ప్రయత్నమే విహారయాత్ర. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి పరివారంతో బయలుదేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి, ఆ అనుభవాన్ని కాశీయాత్ర చరిత్రగా రాశారు. పదిహేను నెలలకు పైబడిన ఆ ప్రయాణానికి ఏ తేదీన ఎక్కడ ఉండాలో ముందుగా అచ్చువేసిన పట్టిక ఉండే అవకాశం లేదు. ఇప్పటి దంపతుల నాలుగురోజుల యాత్రకు అది లేకుండా గడవదు. రైలు టిక్కెట్ల ముందస్తు గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులకు కుదించారు. అరవయ్యవ రోజు ఉదయం ఎనిమిది గంటలకు ఒకరు ఫోను ముందు కూర్చోవలసిందే, తప్పితే ప్రయాణానికి ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తత్కాల్ పోటీలో దిగవలసిందే. తిరుమల మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లను సుమారు మూడు నెలల ముందుగా విడుదల చేస్తారు. అంటే దర్శనం తేదీ తెలిసే నాటికి రైలు టిక్కెట్లు మొదలు కావు, రైలు టిక్కెట్లు దొరికే నాటికి ఇద్దరిలో ఒకరి సెలవు ఖరారు కాదు, సెలవు ఖరారయ్యే నాటికి పిల్లల పరీక్షల పట్టిక వస్తుంది. ఈ నాలుగింటిని ఒకే రేఖ మీదికి తేవడానికి పట్టే శ్రమ యాత్రలో భాగంగా ఎవరి లెక్కలోనూ ఉండదు.

విదేశాలలోని తెలుగు దంపతులకు ఈ లెక్క ఇంకా బిగువైనది. డిసెంబరు చివర బడులకు ఇచ్చే సెలవులలో స్వదేశానికి వస్తే, ఉన్న రెండు వారాలనూ భర్త పుట్టిన ఊరికీ భార్య పుట్టింటికీ మధ్య, బ్యాంకు పనులకూ పంటి వైద్యానికీ పెళ్ళిళ్ళకూ మధ్య పంచాలి. సంక్రాంతికి ఉండాలని పెద్దలు కోరతారు. జనవరి మొదటి వారంలోనే అక్కడ బడులు తెరుస్తారు. చివరకు ఆ ప్రయాణంలో దంపతులిద్దరూ పక్కపక్కన కూర్చుని, చేయవలసిన పనేదీ లేకుండా గడిపే వేళ విమానంలోనే దొరుకుతుంది.

స్వీడన్ ఆర్థికవేత్త స్టాఫన్ లిండర్ 1970 నాటి తన గ్రంథంలో ఇలాంటి హడావిడికి ఒక హేతువు చూపారు. సంపాదన పెరిగేకొద్దీ ఒక గంటకు మనిషి కట్టుకునే విలువ పెరుగుతుంది. విలువైన గంటను ఊరికే పోనివ్వడం నష్టమనిపించి, ఆ గంటలోకి మరిన్ని వస్తువులనూ అనుభవాలనూ కుక్కుతాడు. తీరిక కూడా పనిలాగే ఒత్తిడికి లోనవుతుంది. అరకు వెళ్ళిన జంట ఒకే రోజున బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, జలపాతం అన్నీ ముగించి రాత్రికి విశాఖ చేరాలని పరుగులు తీయడానికి కారణం ఇదే. వారు బయలుదేరింది లోయను చూడడానికి కాదు, ఒకరినొకరు కాస్త నెమ్మదిగా చూసుకోవడానికి. చూడవలసిన చోట్ల పట్టిక నిండేకొద్దీ బయలుదేరిన ప్రయోజనం దెబ్బతింటుంది. యాత్రకు ముందు వారాలలో, ఎక్కడికి వెళదామని ఇద్దరూ కలిసి ఊహించుకునే సాయంత్రాలు మాత్రం నిజమైన లాభం. తేదీలు కుదరక యాత్ర ఆగిపోయినా అవి దక్కుతాయి. అందువల్ల ప్రయాణపు ఏర్పాట్లలో కల్పనను ఇద్దరూ పంచుకుని, టిక్కెట్ల యంత్రాంగాన్ని ఒకరికే పూర్తిగా అప్పగించడం మేలు. అనేక ఇళ్ళలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది: ఒకరు మౌనంగా కలగంటారు, ఇద్దరూ కలిసి టిక్కెట్ల గురించి వాదులాడుకుంటారు.

యంత్రాలు ఈ కొరతను తీరుస్తాయన్న ఆశ పాతదే. చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఆ ఆశ నిజమైన సందర్భాలలో ఒకటి. ఆసు పోసి పోసి తన తల్లి భుజాలు పడుతున్న బాధ చూడలేక ఆయన దానిని రూపొందించారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కడ యంత్రం ఒక నిర్దిష్టమైన కష్టాన్ని తొలగించింది, ఆ కష్టం స్థానంలో కొత్త కోరికను పెట్టలేదు. ఇళ్ళలోకి వచ్చిన ఉపకరణాలన్నీ అలా ప్రవర్తించవు. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983 నాటి పుస్తకంలో చూపినట్టు, బట్టలు ఉతికే యంత్రం వచ్చాక బట్టలు మరింత తరచుగా ఉతకడం రివాజయింది. ఇంటి శుభ్రతకు ప్రమాణం పెరిగింది. గతంలో భర్తా పిల్లలూ పనివాళ్ళూ పంచుకున్న పనులు యంత్రంతో సహా గృహిణి ఒక్కరి దగ్గరికి చేరాయి. పది నిమిషాలలో సరుకులు తెచ్చే సేవలు కూడా ఇదే దారి పట్టాయి: వారానికొకసారి ఇద్దరూ కలిసి రైతుబజారుకు పోయి తెచ్చుకునే కూరలు, రోజుకు మూడుసార్లు ఎవరో ఒకరు ఫోనులో చూసుకునే పనిగా చిన్న చిన్న ముక్కలైపోయాయి. ఆదా అయిన నిమిషాలు ఎవరి ఖాతాలో వారికి జమపడ్డాయి, ఇద్దరి ఉమ్మడి ఖాతాలో కాదు.

కాలాన్ని నిలువరించే ఏర్పాటు ఒకటి తెలుగువారికి వెనుకటినుంచీ ఉండేది. పంచాంగం శుభముహూర్తాలతోపాటు ఏ పనీ తలపెట్టకూడని రోజులను కూడా చెబుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురుడో శుక్రుడో సూర్యునికి మరీ దగ్గరగా వచ్చి కనబడకుండా పోయే కాలం మూఢం. ఈ దినాలలో పెళ్ళిళ్ళు చేయరు, గృహప్రవేశాలు చేయరు, కొత్త పనులకు చేయి పెట్టరు. వీటి జ్యోతిష విశ్వాసాన్ని అంగీకరించినా అంగీకరించకపోయినా, కుటుంబం మీద వీటి ఫలితం ఒకటుంది: కొత్త పని మొదలుపెట్టకుండా ఉండడానికి ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేని గడువులు ఏడాదిలో తప్పనిసరిగా వచ్చేవి. ఫోనులోని క్యాలెండరులో అలాంటి రోజు లేదు. అందులో ఖాళీ గడి కనబడితే దానిని నింపుకోవచ్చునన్నదే అర్థం. దంపతులిద్దరూ ఒకే క్యాలెండరును పంచుకోవడం ఇప్పుడు సులభమే అయినా, అది పనుల ఢీకొట్టుడును ఆపుతుందే తప్ప పనుల రాకను ఆపదు.

ఈ పరిశీలన అంతటికీ ఆచరణలో కొన్ని ఫలితాలున్నాయి. ఇంటిపనులను ముక్కలుగా పంచుకోవడం కంటే శాఖలుగా పంచుకోవడం మంచిది. వంట సరుకులు ఒకరివైతే, వాటిని పసిగట్టడం నుంచి అయిపోయిందీ లేనిదీ చూసుకోవడం దాకా అన్నీ వారివే; పిల్లల బడి మరొకరిదైతే, ఫీజు గడువు నుంచి టీచరుతో మాటల దాకా వారిదే. అలా పంచినప్పుడు ఒకరి పనితీరు మరొకరికి నచ్చకపోవచ్చు, పప్పు ఒక పూట పలచన కావచ్చు. ఆ తేడాను సహించడం పురమాయించే భారం తప్పినందుకు చెల్లించే చిన్న మూల్యం. ఇంటి మరమ్మతులలో ఒకటి ముగిసేదాకా మరొకటి తలపెట్టకూడదు, మేస్త్రీ చెప్పిన గడువుకు సగం కలిపి చూసుకోవాలి. యాత్రలో ఒక పూట దేనికీ కేటాయించకుండా వదలాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇంటి వ్యవహారాలను మాట్లాడుకునే వేళనూ ఊరికే మాట్లాడుకునే వేళనూ వేరుచేయాలి. కరెంటు బిల్లుతో మొదలైన సాయంత్రం కరెంటు బిల్లుతోనే ముగుస్తుంది.

అయితే ఈ బాధ్యతనంతా దంపతుల వివేకం మీదికే నెట్టడం అన్యాయం. షిఫ్టు ఏ వారం ఎలా ఉంటుందో నెల ముందుగా తెలియజేయడం, రాత్రి సమావేశాలను వారంలో కొన్ని రోజులకు పరిమితం చేయడం, భార్యాభర్తల నియామకాలను ఒకేచోట ఉంచే నియమాన్ని కాగితం మీద కాక బదిలీల జాబితాలో అమలుచేయడం యజమానుల చేతిలోనూ ప్రభుత్వాల చేతిలోనూ ఉన్నాయి. పని గంటల మొత్తాన్ని గురించి దేశంలో వాదోపవాదాలు జరుగుతూనే ఉన్నాయి. ఆ గంటలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ముందుగా తెలియడం ఒక కుటుంబానికి గంటల సంఖ్యంత ముఖ్యమైన విషయమని ఆ వాదాలలో వినబడడం అరుదు.

రెండు జీతాల సంసారం స్త్రీకి ఆర్థిక స్వాతంత్ర్యాన్నీ, పిల్లలకు మంచి చదువునూ, ఇంటికి భద్రతనూ ఇచ్చింది. దానిని వెనక్కి తిప్పాలని కోరదగిన కారణం ఏదీ లేదు. కోరదగినది ఒక్కటే. కొత్త పరుపో, కొత్త ఫ్లాటో, కొత్త ప్రయాణమో, కొత్త ప్రమోషనో ముందుకు వచ్చినప్పుడు దాని ఖరీదు ఎంత అని అడిగే దంపతులు, దానివల్ల తమ ఇద్దరి ఉమ్మడి సమయం పెరుగుతుందా తగ్గుతుందా అని కూడా అడిగి, ఆ జవాబుకు ధరతో సమానమైన బరువు ఇవ్వాలి.